ఎర్రనది పోరు: పట్టికకు అందని గెలుపు

టెక్సస్, ఓక్లహోమా విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ జట్లు అక్టోబరు 10న డాలస్‌లో 122వసారి తలపడనున్నాయి. కాన్ఫరెన్స్ లెక్కలో ఇది తొమ్మిది ఆటల్లో ఒకటి. ఎర్రనదికి అటూ ఇటూ ఉన్న అభిమానులకు మాత్రం మిగిలిన ఎనిమిదీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

అమెరికాలో టెక్సస్, ఓక్లహోమా రాష్ట్రాలకు సరిహద్దుగా పారే రెడ్ రివర్, అంటే ఎర్రనది, పేరుతో ప్రసిద్ధికెక్కిన విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ పోరు 2026 అక్టోబరు 10, శనివారం నాడు డాలస్ నగరంలోని కాటన్ బౌల్ క్రీడాప్రాంగణంలో జరగనుంది. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయానికీ నార్మన్‌లోని ఓక్లహోమా విశ్వవిద్యాలయానికీ మధ్య 1900లో మొదలైన ఈ పోటీ, 1929 నుంచి ఒక్క ఏడాది కూడా తప్పకుండా డాలస్‌లోనే సాగుతోంది. ఇంతవరకు జరిగిన 121 ఆటల్లో టెక్సస్ 65, ఓక్లహోమా 51 గెలవగా, మిగిలిన అయిదు సమంగా ముగిశాయి.

రెండు జట్లూ 2024 నుంచి సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్ అనే కూటమిలో సభ్యులు కాబట్టి, ఈ ఆట ఫలితం ఆ కూటమి పట్టికలో ఒకరికి ఒక గెలుపుగా, మరొకరికి ఒక ఓటమిగా నమోదవుతుంది. పట్టికకు తెలిసేది అంతవరకే. కాన్ఫరెన్స్ ఆట అన్న హోదా ఈ పోటీకి తొలినాళ్లలో కొద్దికాలం ఉండి పోయింది, దాదాపు మూడు తరాల తర్వాత వేరొక కూటమి పేరుతో తిరిగివచ్చింది, ఇటీవల మళ్లీ కూటమి మారింది. ఆ హోదా లేని కాలంలోనే ఈ పోటీ దేశమంతటా పేరు సంపాదించుకుంది. కూటములు కట్టే లెక్క ఒకటి, అభిమానులు కట్టే లెక్క మరొకటి అన్న సంగతిని గుర్తించినవారికే ఈ అక్టోబరు ఆట విలువ సరిగా అర్థమవుతుంది.

నాలుగు ప్రయత్నాలు, పది గజాలు

ఫుట్‌బాల్ అనగానే భారతీయ పాఠకులకు స్ఫురించే సాకర్‌కూ ఈ ఆటకూ పోలిక చాలా తక్కువ. కోలగా ఉండే బంతితో, 100 గజాల పొడవైన మైదానంలో, జట్టుకు పదకొండుమంది చొప్పున ఆడే ఈ ఆటలో బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో కనీసం పది గజాలు ముందుకు సాగాలి. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు, పది గజాలు దాటితే మరో నాలుగు డౌన్లు దక్కుతాయి, దాటలేకపోతే బంతి ఎదుటి జట్టు వశమవుతుంది. మూడు డౌన్లలో పని జరగనప్పుడు నాలుగోసారి బంతిని వీలైనంత దూరం తన్ని ప్రత్యర్థిని వెనక్కి నెట్టడాన్ని పంట్ అని, బంతిని మైదానం చివరి గీత దాటించడాన్ని టచ్‌డౌన్ అని అంటారు. టచ్‌డౌన్‌కు ఆరు పాయింట్లు, ఆ వెంటనే నిలువు స్తంభాల మధ్యకు బంతిని తన్నితే మరొకటి, తన్నడానికి బదులు మళ్లీ గీత దాటించగలిగితే రెండు లభిస్తాయి; టచ్‌డౌన్ చేయలేని స్థితిలో దూరం నుంచి స్తంభాల మధ్యకు తన్నే ఫీల్డ్ గోల్‌కు మూడు పాయింట్లు.

దాడిని నడిపించేవాడు క్వార్టర్‌బ్యాక్. బంతిని విసరాలా, పరుగెత్తే ఆటగాడికి అందించాలా, తానే పరుగెత్తాలా అన్నది అతడు రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. అతడు విసిరిన బంతిని ప్రత్యర్థి మధ్యలోనే పట్టేస్తే దాన్ని ఇంటర్‌సెప్షన్ అంటారు. హోరాహోరీ ఆటల్లో గెలుపోటములను తరచుగా నిర్ణయించేవి ఇటువంటి చేజారిన బంతులే. ఆడేవారందరూ విశ్వవిద్యాలయ విద్యార్థులే అయినా, ఈ ఆటల చుట్టూ వేల కోట్ల డాలర్ల ప్రసార ఒప్పందాలు, లక్షమందికి చేరువగా పట్టే ప్రాంగణాలు, రాష్ట్రాల పరువు ప్రతిష్ఠలు అల్లుకుని ఉన్నాయి.

కూటములు మారినా మారని పోటీ

విశ్వవిద్యాలయాలు తమలో తాము ఏర్పరచుకున్న పోటీ కూటమిని కాన్ఫరెన్స్ అంటారు. ఒక కాన్ఫరెన్స్‌లోని జట్లు ఏటా నిర్ణీత సంఖ్యలో పరస్పరం ఆడి, గెలుపోటముల ఆధారంగా ఒక విజేతను తేల్చుకుంటాయి. టెలివిజన్ హక్కుల రాబడిని పంచుకునేదీ ఆ కాన్ఫరెన్స్ ద్వారానే. దేశంలో వందకు పైగా ఉన్న పెద్ద జట్లు అన్నీ అన్నింటితో ఆడడం అసాధ్యం కాబట్టి, ఎవరు ఎవరితో ఆడాలన్నది మొదట కాన్ఫరెన్స్, ఆ తర్వాత పాత సంప్రదాయాలు, చివరకు డబ్బు నిర్ణయిస్తూ వచ్చాయి. ఇటీవలి దశాబ్దాల్లో ఈ వరుస తలకిందులైంది.

టెక్సస్, ఓక్లహోమా రెండూ 1915లో ఆటలు ప్రారంభించిన సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్‌లో వ్యవస్థాపక సభ్యులు. ఆ దశాబ్దం ముగిసేసరికి ఓక్లహోమా దాన్ని వదిలి మధ్య పశ్చిమ రాష్ట్రాల జట్లతో చేరింది; ఆ కూటమే కాలక్రమంలో బిగ్ ఎయిట్‌గా స్థిరపడింది. అప్పటినుంచి 1995 వరకు, అంటే సుమారు 75 ఏళ్లపాటు, ఈ రెండు జట్ల ఆట ఫలితం ఏ కాన్ఫరెన్స్ పట్టికలోనూ లెక్కకు రాలేదు. అయినప్పటికీ 1963లో దేశంలో మొదటి ర్యాంకులో ఉన్న ఓక్లహోమాను రెండో ర్యాంకు టెక్సస్ 28–7తో ఓడించి అదే ఏడాది తన తొలి జాతీయ టైటిల్ అందుకున్నప్పుడు, 1971లో ఓక్లహోమా 48–27తో బదులు తీర్చుకున్నప్పుడు, కాన్ఫరెన్స్ ముద్ర లేదన్న కొరత ఎవరికీ తోచలేదు.

సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ మూతపడిన తరువాత టెక్సస్‌తో సహా నాలుగు టెక్సస్ జట్లు బిగ్ ఎయిట్‌తో కలిసి బిగ్ 12గా ఏర్పడడంతో, 1996 నుంచి ఇది మళ్లీ కాన్ఫరెన్స్ ఆట అయింది. సమంగా ముగిసిన ఆటలను అదనపు సమయంలో తేల్చే పద్ధతి విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్‌లో పూర్తిస్థాయిలో అమలైందీ ఆ ఏడాదే. అంతకు ముందు సంవత్సరం 24–24తో ఆగిపోయిన పోరు, 1996లో అదనపు సమయానికి వెళ్లి 30–27తో ఓక్లహోమా పరమైంది. 2021 జులైలో ఈ రెండు విశ్వవిద్యాలయాలూ బిగ్ 12ను వీడి సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో చేరాలని నిర్ణయించుకున్నాయి. గడువుకు ఏడాది ముందే బయటపడేందుకు రెండూ కలిపి 10 కోట్ల డాలర్ల ఆదాయాన్ని వదులుకోవడానికి ఒప్పుకుని, 2024 జులై 1న కొత్త కూటమిలో అడుగుపెట్టాయి. నూరేళ్ల వైరం ఉన్నా, ఇల్లు మారే వేళ రెండూ చేయీ చేయీ కలిపే కదిలాయి. ఒకరు లేకుండా మరొకరి పంచాంగం నిండదని రెండింటికీ తెలుసు.

సరిహద్దును దాటిన మనుషులు

ఈ వైరానికి నదితో ఉన్న సంబంధం కేవలం పేరుతో ఆగిపోదు. ఎర్రనదికి ఉన్న పాయల్లో అసలు సరిహద్దు ఏదన్న వివాదం 19వ శతాబ్దంలో చాలాకాలం నడిచింది; రెండు పాయల నడుమ ఉన్న గ్రీర్ కౌంటీ తనదేనని టెక్సస్ వాదించగా, అమెరికా సుప్రీంకోర్టు 1896లో ఆ వాదనను తోసిపుచ్చింది, ఆ నేల తరువాత ఓక్లహోమాలో భాగమైంది. 1931 జులైలో నదిపై కొత్తగా కట్టిన ఉచిత వంతెనను తెరిచే విషయంలో రెండు రాష్ట్రాల గవర్నర్లు తలపడ్డారు. పక్కనే ఉన్న సుంకపు వంతెన యజమానులు కోర్టుకెక్కడంతో టెక్సస్ గవర్నర్ రాస్ స్టెర్లింగ్ అడ్డుకట్టలు వేయించి రేంజర్లను కాపలా పెట్టగా, ఓక్లహోమా గవర్నర్ విలియం ముర్రే వాటిని తీయించి తన నేషనల్ గార్డు దళాన్ని దించాడు. ఆ వివాదం వారాల్లోనే చల్లబడినా, ఎదురెదురు ఒడ్డుల మీద ఉన్నవారి మనస్తత్వానికి అది మంచి నిదర్శనం.

విచిత్రం ఏమిటంటే, ఈ పోటీ చరిత్రను రాసినవారిలో చాలామంది నది దాటి వచ్చినవారే. టెక్సస్‌కు 1957 నుంచి 1976 వరకు కోచ్‌గా ఉండి 1963, 1969, 1970 సంవత్సరాల్లో మూడు జాతీయ టైటిళ్లు సాధించిన డారెల్ రాయల్ పుట్టింది ఓక్లహోమాలోని హాలిస్‌లో; ఒకప్పుడు టెక్సస్ తనదని వాదించి పోగొట్టుకున్న గ్రీర్ కౌంటీ భూభాగంలోనే ఆ ఊరు ఉంది. అతడు ఓక్లహోమా జట్టులో ప్రఖ్యాత కోచ్ బడ్ విల్కిన్సన్ శిక్షణలో క్వార్టర్‌బ్యాక్‌గా, రక్షణ ఆటగాడిగా ఆడాడు. 1957లో గురువు చేతిలో ఓడి, మరుసటి ఏడాది కొత్తగా అమల్లోకి వచ్చిన రెండు పాయింట్ల నిబంధనను వాడుకుని 15–14తో గెలిచి, అక్కడినుంచి 1965 వరకు వరుసగా ఎనిమిదిసార్లు తన సొంత రాష్ట్రపు జట్టును ఓడించాడు. ఆస్టిన్‌లోని టెక్సస్ ప్రాంగణం నేడు ఆ ఓక్లహోమా బిడ్డ పేరు మీదే ఉంది.

ఇచ్చిపుచ్చుకోవడం అటునుంచీ జరిగింది. 1968లో రాయల్ సహాయక కోచ్ ఎమరీ బెల్లార్డ్ రూపొందించిన విష్‌బోన్ అనే వ్యూహం, అంటే క్వార్టర్‌బ్యాక్ వెనుక ముగ్గురు పరుగు ఆటగాళ్లను చీలిన ఎముక ఆకారంలో నిలబెట్టి బంతి ఎవరి చేతికి వెళ్తుందో చివరి క్షణం దాకా తెలియనివ్వని పద్ధతి, టెక్సస్‌కు రెండు జాతీయ టైటిళ్లు తెచ్చింది. ఓక్లహోమా దాన్ని 1970లో అందిపుచ్చుకుని, మరింత వేగవంతమైన ఆటగాళ్లతో పదును పెట్టి, 1971 నుంచి 1975 వరకు అయిదేళ్లు టెక్సస్ మీదే ప్రయోగించి గెలిచింది. 1976లో తమ సాధన శిబిరంపై ఓక్లహోమా గూఢచర్యం చేయించిందని రాయల్ బహిరంగంగా ఆరోపించిన తరువాత, అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ టాస్ వేళ మైదానంలో నిలబడిన ఆట 6–6తో సమంగా ముగిసింది. ఆ సీజన్ చివరే రాయల్ కోచ్ పదవి నుంచి తప్పుకున్నాడు.

ఓక్లహోమా మహావీరులుగా పేరుపొందిన ఆటగాళ్లలో ఎందరో టెక్సస్‌లో పెరిగినవారు. దేశంలో ఉత్తమ విశ్వవిద్యాలయ ఆటగాడికి ఏటా ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీని 1978లో అందుకున్న బిల్లీ సిమ్స్ టెక్సస్‌లోని హుక్స్ పట్టణానికి, 2017లో అందుకున్న బేకర్ మేఫీల్డ్ సాక్షాత్తు ఆస్టిన్‌కు, 2018లో అందుకున్న కైలర్ ముర్రే డాలస్ శివారులోని అలెన్‌కు చెందినవారు. 2004లో మొదటి ఏడాది విద్యార్థిగా బరిలోకి దిగి టెక్సస్ మీద 225 గజాలు పరుగెత్తిన ఏడ్రియన్ పీటర్సన్‌దీ టెక్సస్‌లోని పాలస్టైన్ పట్టణమే. సుమారు మూడు కోట్ల జనాభా ఉన్న టెక్సస్ నుంచి ఆటగాళ్లను రాబట్టుకోకపోతే నలభై లక్షల జనాభా ఉన్న ఓక్లహోమాకు పోటీలో నిలబడడం కష్టం కాబట్టి, డాలస్‌లో గెలుపు ఓక్లహోమాకు పరువు సంగతి మాత్రమే కాక, ఆ చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల కుర్రాళ్లకు పంపే ఆహ్వానపత్రం కూడా.

సగం నారింజ, సగం ఎరుపు

సాధారణంగా కాన్ఫరెన్స్ ఆటలు ఒక ఏడాది ఒకరి సొంత ప్రాంగణంలో, మరో ఏడాది ఎదుటివారి ప్రాంగణంలో జరుగుతాయి. ఎర్రనది పోరు అందుకు భిన్నంగా ఆస్టిన్‌కూ నార్మన్‌కూ దాదాపు సమాన దూరంలో ఉన్న డాలస్‌లో, ఎవరికీ సొంతం కాని మైదానంలో జరుగుతుంది. 92,000 మందికి పైగా పట్టే కాటన్ బౌల్‌లో టికెట్లను రెండు విశ్వవిద్యాలయాలూ చెరిసగం పంచుకోవడం వల్ల, మైదానం మధ్యనున్న 50 గజాల గీతకు సరిగ్గా ఎగువన గ్యాలరీ రెండుగా చీలి, ఒకవైపు టెక్సస్ వారి ముదురు నారింజ రంగు, మరోవైపు ఓక్లహోమా వారి ముదురు ఎరుపు కనిపిస్తాయి. సొంత ప్రాంగణంలో ఆడే జట్టుకు ప్రేక్షకుల హోరు బలమైతే, ఇక్కడ ఒకే జట్టుకు మైదానం ఒక కొసలో హోరు వరంగా, మరో కొసలో శాపంగా మారుతుంది. క్వార్టర్‌బ్యాక్ మాట సొంత ఆటగాళ్లకే వినబడని కొసలో దాడి చేయాల్సి వచ్చినప్పుడు సైగలతో పని నడపగల జట్టే నిలదొక్కుకుంటుంది.

ప్రాంగణం ఉన్న ఫెయిర్ పార్క్‌లో, సరిగ్గా ఆ వారాల్లోనే, 1886లో మొదలైన టెక్సస్ స్టేట్ ఫెయిర్ జరుగుతుంటుంది. పశువుల పోటీలు, రంగులరాట్నాలు, తినుబండారాల దుకాణాలు, 55 అడుగుల బిగ్ టెక్స్ బొమ్మతో మూడు వారాలకు పైగా సాగే ఈ వేడుక మన తిరనాళ్ల వంటిదే. ఆట టికెట్ కొన్నవారికి దానిలో ప్రవేశం కలిసే వస్తుంది. రెండు జట్లూ మైదానంలోకి రావడానికి ఉన్నది ఒకటే సొరంగమార్గం కావడం, గెలిచిన జట్టు 1941 నుంచి స్టేట్ ఫెయిర్ తరఫున ఇస్తున్న, బంగారు టోపీగా పిలిచే ట్రోఫీని ఆటగాళ్ల తలల మీద మార్చి మార్చి పెట్టుకోవడం ఈ పోరుకు మాత్రమే చెందిన ఆచారాలు. ఈ ప్రాంగణం పేరునే పెట్టుకున్న కాటన్ బౌల్ క్లాసిక్ అనే సీజన్ చివరి పోటీ 2010లో ఆర్లింగ్టన్‌లోని అధునాతన ప్రాంగణానికి తరలిపోయినా, ఎర్రనది పోరు మాత్రం పాత చోటును విడువలేదు. డాలస్ నగరం 14 కోట్ల డాలర్ల మరమ్మతులకు పూనుకోగా, 2036 వరకు ఆట ఇక్కడే జరిగేలా ఒప్పందం కుదిరింది.

డాలస్ పరిసరాల్లోని ఇర్వింగ్, ప్లానో, ఫ్రిస్కో, అలెన్ పట్టణాల్లో వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడినందున ఈ పోటీ తెలుగువారికి మరీ పరాయిది కాదు. ఓక్లహోమా తరఫున 1980లలో రక్షణ ఆటగాడిగా పేరు మోగించిన బ్రయన్ బాస్‌వర్త్ చదివిన ఉన్నత పాఠశాల ఇర్వింగ్‌లోనిదే. ఆ పట్టణాల్లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు ఆస్టిన్‌లోనో నార్మన్‌లోనో సీటు తెచ్చుకున్నప్పుడు, తల్లిదండ్రులు ఫీజు కట్టిన విశ్వవిద్యాలయం రంగు అక్టోబరులో ఇంటి రంగు అవుతుంది.

గెలిచినవారు ఇంట్లో, ఓడినవారు బరిలో

ఈ పోరు ఫలితాన్ని వ్యవస్థ ఎంతవరకు గౌరవిస్తుందన్న ప్రశ్నకు రెండు సీజన్లు స్పష్టమైన సమాధానం ఇస్తాయి. 2008లో టెక్సస్ 45–35తో ఓక్లహోమాను ఓడించింది. ఆ తరువాత అదే కూటమిలోని టెక్సస్ టెక్ చివరి క్షణాల్లో 39–33తో టెక్సస్‌ను, ఓక్లహోమా 65–21తో టెక్సస్ టెక్‌ను ఓడించడంతో మూడు జట్లూ తమ విభాగంలో సమాన ఫలితాలతో నిలిచాయి. ముగ్గురూ ఒకరి మీద ఒకరు గెలిచిన ఆ చక్రాన్ని తెంచేందుకు బిగ్ 12 నిబంధనలు అప్పటి జాతీయ ర్యాంకింగును ఆశ్రయించగా, స్వల్ప తేడాతో ముందున్న ఓక్లహోమా కాన్ఫరెన్స్ ఫైనల్‌కు, అక్కడినుంచి జాతీయ ఫైనల్‌కు వెళ్లింది. తటస్థ మైదానంలో పది పాయింట్ల తేడాతో గెలిచినా టెక్సస్ బయటే మిగిలింది.

2025లో అంతకంటె సూటిగా అదే జరిగింది. సీజన్‌కు ముందు దేశంలో మొదటి ర్యాంకు పొందిన టెక్సస్, అక్టోబరు 11న డాలస్ చేరేసరికి రెండు ఓటములతో ర్యాంకుల జాబితాలోంచే జారిపోయింది. అప్పటికి ఓటమి ఎరుగని ఓక్లహోమా ఆరో ర్యాంకులో ఉంది. ఆటలో మాత్రం టెక్సస్ 23–6తో గెలిచింది. ఆ తరువాత ఓక్లహోమా అలబామా వంటి జట్టును దాని సొంత మైదానంలో ఓడించి, 10 గెలుపులు, 2 ఓటములతో సీజన్ ముగించి, 2024 నుంచి 12 జట్లతో జరుగుతున్న జాతీయ ప్లేఆఫ్‌కు ఎంపికైంది. 9 గెలుపులు, 3 ఓటములతో ఆగిన టెక్సస్‌కు ఆ అవకాశం దక్కలేదు. ప్లేఆఫ్ జట్లను ఎంపిక చేసే సంఘం మొత్తం సీజన్‌ను తూకం వేస్తుందే గాని ఒక్క శనివారాన్ని కాదు. ఆ తీరును అన్యాయమనడానికి వీల్లేదు, ఎందుకంటే టెక్సస్ ఓటముల్లో ఒకటి ఆ ఏడాది ప్లేఆఫ్ దరిదాపుల్లోనే లేని ఫ్లోరిడా చేతిలోనిది. అయినా డిసెంబరులో ఓక్లహోమా ప్లేఆఫ్ ఆడుతున్నప్పుడు కూడా బంగారు టోపీ ఆస్టిన్‌లోనే ఉందన్న వాస్తవాన్ని ఏ సంఘమూ మార్చలేకపోయింది.

ఈసారి చూడవలసినవి

2026 నుంచి సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్ జట్లు ఎనిమిదికి బదులు తొమ్మిది కాన్ఫరెన్స్ ఆటలు ఆడతాయి. 16 జట్లున్న ఈ కూటమిలో ప్రతి జట్టుకూ ఏటా తప్పనిసరిగా ఎదురయ్యే ప్రత్యర్థులు ముగ్గురు, వంతులవారీగా మారేవారు ఆరుగురు. టెక్సస్‌కు శాశ్వత ప్రత్యర్థులు ఓక్లహోమా, టెక్సస్ ఏ అండ్ ఎం, అర్కాన్సా కాగా, ఓక్లహోమాకు టెక్సస్, మిస్సోరి, ఓలె మిస్. కూటమి నిబంధన రూపంలో ఈ పోరుకు భద్రత లభించడం మంచిదే. అయితే ఆటలు పెరిగిన కొద్దీ ఒక్కో ఆట పట్టిక విలువ తగ్గుతుందన్నదీ నిజమే. దానికి తోడు సెప్టెంబరులోనే టెక్సస్ ఆస్టిన్‌లో ఒహాయో స్టేట్‌ను, ఓక్లహోమా యాన్ ఆర్బర్‌లో మిషిగన్‌ను ఎదుర్కోవలసి ఉన్నందున, డాలస్ చేరే నాటికి రెండు జట్ల బలాబలాలు కొంతవరకు బయటపడే ఉంటాయి.

ఓక్లహోమా కోచ్ బ్రెంట్ వెనబుల్స్ రక్షణ వ్యూహాల్లో దేశంలోనే పేరున్నవాడు. బాబ్ స్టూప్స్ కోచ్‌గా ఉన్న కాలంలో ఇదే జట్టు రక్షణను తీర్చిదిద్ది, క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో పదేళ్లు పనిచేసి, 2022 సీజన్‌కు ప్రధాన కోచ్‌గా తిరిగి వచ్చాడు. టెక్సస్ మీద అతడి ఫలితాలను చూస్తే సమస్య రక్షణలో కన్నా దాడిలోనే ఉందని తేలుతుంది. 2022లో 49–0, 2024లో 34–3, 2025లో 23–6తో ఓడిన మూడు ఆటల్లోనూ కలిపి ఓక్లహోమా చేసినవి తొమ్మిది పాయింట్లు. అవన్నీ ఫీల్డ్ గోల్‌ల ద్వారా వచ్చినవే, టచ్‌డౌన్ ఒక్కటీ లేదు. గెలిచిన 2023లో మాత్రం 34 పాయింట్లు చేసి, ఇంకా 15 సెకన్లు ఉందనగా క్వార్టర్‌బ్యాక్ డిలన్ గేబ్రియల్ విసిరిన టచ్‌డౌన్‌తో 34–30తో గట్టెక్కింది. అంటే వెనబుల్స్ జట్టుకు ఈ ఆటలో మధ్యస్థితి అన్నది లేదు, పారితే వరద, లేకపోతే ఎండిన మడుగు.

2025లో ఆ దాడి ఎందుకు ఎండిపోయిందో చూస్తే ఈ ఏటి ఆటకు ఒక ఆధారం దొరుకుతుంది. క్వార్టర్‌బ్యాక్ జాన్ మటీర్ చేతికి శస్త్రచికిత్స జరిగి మూడు వారాలైనా గడవకముందే బరిలోకి దిగి, మూడు ఇంటర్‌సెప్షన్లు సమర్పించుకున్నాడు. ఎదుటి పక్షాన టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్ 27సార్లు బంతి విసిరి 21 సఫలం చేసినా, సాధించింది 166 గజాలే. అతడి గొప్పతనం మెరుపుల్లో కాక, పొరపాటు చేయకపోవడంలో కనిపించింది. టెక్సస్ గెలుపును ఖరారు చేసింది రయన్ నిబ్లెట్ చివరి భాగంలో ఓక్లహోమా పంట్‌ను అందుకుని 75 గజాలు పరుగెత్తి చేసిన టచ్‌డౌన్. దాడికీ రక్షణకూ నడుమ, బంతిని తన్నే సందర్భాల కోసం దింపే ప్రత్యేక బృందాలు ఈ పోరును మలుపు తిప్పడం సాధారణమే కాబట్టి, పంట్ వేళ పక్కనున్నవారితో కబుర్లలో పడే ప్రేక్షకుడు అసలు ఘట్టాన్నే చేజార్చుకునే ప్రమాదం ఉంది.

జాబితాలు చూసి అంచనా కట్టడం మునుపటికన్నా కష్టమైందన్నదీ గుర్తుంచుకోవాలి. ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొకదానికి ఆటగాళ్లు సులువుగా మారగల బదిలీ విధానం, తమ పేరు ప్రతిష్ఠలపై సంపాదించుకోవడానికి 2021లో లభించిన హక్కు, 2025 నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా ఆటగాళ్లతో రాబడి పంచుకునేందుకు వీలు కల్పించిన న్యాయస్థాన ఒప్పందం కలిసి ప్రతి జట్టునూ ఏడాదికోసారి సగం కొత్తదిగా మారుస్తున్నాయి. పాత పేర్ల మీద కట్టిన అంచనా అక్టోబరు దాకా నిలవకపోవచ్చు. ర్యాంకుల మాటా అంతే: 2023లో మూడో ర్యాంకు టెక్సస్ 12వ ర్యాంకు ఓక్లహోమా చేతిలో, 2025లో ఆరో ర్యాంకు ఓక్లహోమా ఏ ర్యాంకూ లేని టెక్సస్ చేతిలో ఓడాయి. నాలుగు ఓవర్‌టైమ్‌లకు సాగి 53–45తో ఓక్లహోమా గెలిచిన 2020 ఆట, మొదటి పావు ముగిసేసరికి 28–7తో వెనుకబడి కూడా అదే జట్టు 55–48తో గెలిచిన 2021 ఆట చూసినవారెవరూ తొలి అరగంటకే గ్యాలరీ దిగిరారు.

ఇన్ని హెచ్చరికల తరువాత కూడా అభిమాని ఒక పక్షం ఎంచుకోక తప్పదు. 2021లో బాధ్యతలు తీసుకున్న టెక్సస్ కోచ్ స్టీవ్ సార్కీజియన్ ఈ పోరులో అయిదింట మూడు గెలిచాడు, వాటిలో రెండు వరుసగా గత రెండేళ్లవి. ఓక్లహోమా రక్షణ టెక్సస్‌ను పాతిక పాయింట్ల లోపే కట్టడి చేయగలదని నమ్మడానికి గత సీజన్ ఆధారం ఇస్తుంది; అదే ఓక్లహోమా దాడి టెక్సస్ మీద రెండు టచ్‌డౌన్లు చేయగలదని నమ్మడానికి గత రెండు పోరుల్లో ఆధారం లేదు. కాబట్టి తక్కువ పాయింట్ల ఆటను, ఒక టచ్‌డౌన్‌కు మించని తేడాను, టెక్సస్ వైపు కొద్దిపాటి మొగ్గును ఊహించడం సమంజసం. మొదటి సగంలోనే ఓక్లహోమా ఒక టచ్‌డౌన్ చేస్తే మాత్రం ఈ అంచనాను పక్కన పెట్టవచ్చు, ఎందుకంటే వెనబుల్స్ జట్టుకు అంతవరకు అడ్డుపడుతున్నది ఆ ఒక్క గీతే.

ఫలితం ఏదైనా కాన్ఫరెన్స్ దాన్ని తొమ్మిదో వంతుగానే చూస్తుంది, ప్లేఆఫ్ సంఘం ఇంకా తక్కువగా చూస్తుంది. ఓడిన జట్టుకు మిగిలిన సీజన్‌లో కోలుకునే దారి ఉంటుందని 2008, 2025 రుజువు చేశాయి కాబట్టి, ఆ రోజు సాయంత్రం ఏ అభిమానీ ప్లేఆఫ్ ఆశ వదులుకోనక్కరలేదు. కోలుకోలేనిది ఒకటే: 122వ ఆట ఫలితం ఒకసారి రాశాక చెరగదు, దాన్ని మార్చడానికి ఏ నిబంధనా లేదు, బదులు తీర్చుకోవాలంటే సాధారణంగా 2027 దాకా ఆగాలి. డాలస్ ప్రయాణానికి టికెట్ కొనే అభిమాని డబ్బు పెట్టేది పట్టికలో ఒక అంకె కోసం కాదు, ఆ ఏడాదంతా తలెత్తుకుని తిరగగలిగే హక్కు కోసం.